పావులూరి నుంచి పాలకేంద్రం దాకా

బాపట్ల జిల్లా ఇంకొల్లు మండలంలో పావులూరు అనే ఊరుంది. చుట్టుపక్కల వాళ్లకు అక్కడి ఆంజనేయస్వామి గుడి తెలుసు. సాహిత్యం చదివినవాళ్లకు మరో సంగతి కూడా తెలుసు: తెలుగులో తొలి శాస్త్రగ్రంథం రాసిన మల్లన ఇంటిపేరు ఈ ఊరి పేరే. కమ్మనాటిలోని పావులూరు తనదని ఆయనే చెప్పుకున్నాడు.

ఆయన రాసింది లెక్కల పుస్తకం. పేరు ‘సారసంగ్రహ గణితం’. వాడుకలో ‘పావులూరి గణితం’. ఆయన కాలం విషయంలో పండితుల మధ్య ఇప్పటికీ పేచీ ఉంది. రాజరాజ నరేంద్రుడి దగ్గర పిఠాపురం పక్కనున్న నవఖండవాడను పుచ్చుకున్న మల్లన ఈయనేనని కొందరంటారు, ఆ మల్లన ఈయన తాత అని మరికొందరంటారు. మొదటి మాట నిజమైతే ఈయన నన్నయ సమకాలికుడు, రెండోది నిజమైతే ఒకటి రెండు తరాలు ఇవతలివాడు. ఎలా చూసినా భారతం తెలుగవుతున్న రోజులకు ఆయన ఎంతో దూరంలో లేడు. అంటే కథలూ పురాణాలతో దాదాపు ఒకేసారి వడ్డీ లెక్కలు, బంగారం లెక్కలు, సరుకుల ధరలు, పొలం కొలతలు కూడా తెలుగు పద్యంలోకి వచ్చేశాయి. ఈ రెండో సంగతికి ఇవ్వాల్సినంత విలువ ఇవ్వలేదనే చెప్పాలి. సాహిత్య చరిత్రల్లో మల్లనకు ఒక పేరా దక్కింది. లెక్కల తరగతిలో దక్కాల్సిన చోటు మాత్రం దక్కలేదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె బళ్లలో పదో తరగతి పిల్లలు ఏటా ‘రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత’ అనే పాఠం దగ్గర తడబడతారు. సమీకరణం రాసి ఇస్తే చకచకా చేసేస్తారు. ‘ఇన్ని పెన్నులు, అన్ని పుస్తకాలు కలిపి ఇంత అయింది, ఒక్కోటి ఎంత?’ అని మాటల్లో అడిగితే మాత్రం పెన్ను ఆగిపోతుంది. ఎక్స్, వై అనేవి ఎక్కడో సీమలో పుట్టి తమ మీదికి వచ్చిపడ్డాయని వాళ్లకు తోస్తుంది. నిజానికి ఈ లెక్కలు పుట్టింది బళ్లో కానే కాదు. ఓడరేవులోనూ, షరాబు కొట్లోనూ, ధాన్యం కల్లంలోనూ పుట్టాయి. వాటిని తెలుగులో మొదట పట్టి ఇచ్చినవాడు ఈ ప్రాంతపు మనిషే.

మల్లన తెనిగించింది మహావీరాచార్యుడి ‘గణితసారసంగ్రహం’. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుడి ఏలుబడిలో, 850 ప్రాంతంలో వచ్చిన సంస్కృత గ్రంథం అది. మద్రాసులో ప్రొఫెసర్ ఎం. రంగాచార్య దాన్ని ఇంగ్లిషు అనువాదంతో సహా 1912లో అచ్చువేయించాకే మిగతా ప్రపంచానికి దాని సంగతి తెలిసింది. తెలుగు దేశం అప్పటికి ఎనిమిది వందల ఏళ్ల కిందటే దాన్ని సొంతం చేసుకుంది. మహావీరుడు జైనుడు కాబట్టి జినస్తుతితో మొదలుపెట్టాడు. మల్లన శైవుడు, కాబట్టి శివుణ్ని నిలిపాడు. లెక్కను మాత్రం చెదరనివ్వలేదు. మల్లన గ్రంథాన్ని తర్వాతి కాలంలో వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరించారు.

మహావీరుడి పుస్తకంలో ‘మిశ్రక వ్యవహారం’ అని ఒక పెద్ద అధ్యాయం ఉంది. కలగలిసిపోయినవాటిని విడదీసే లెక్కలన్నీ అందులోనే ఉంటాయి. అసలూ వడ్డీ కలిసిన మొత్తం, రెండు రకాల బంగారం కలిసిన ముద్ద, నాలుగు రకాల సరుకు కలిపి కొన్న బేరం, ఇలాంటివన్నీ. వాటిలో ఒకదాన్ని దగ్గర్నుంచి చూస్తే ఆ కాలపు మనిషి తల ఎలా పనిచేసేదో అర్థమవుతుంది. తొమ్మిది మాదీఫలాలు, ఏడు వెలగపళ్లు కలిపి కొంటే వెల 107 అయింది. ఏడు మాదీఫలాలు, తొమ్మిది వెలగపళ్లు కలిపి కొంటే 101 అయింది. ఒక్కో పండు ధర ఎంత?

మహావీరుడు ఎక్స్ అనలేదు, వై అనలేదు. పెద్ద వెలను పెద్ద సంఖ్యతో గుణించమన్నాడు: 107ను 9తో గుణిస్తే 963. చిన్న వెలను చిన్న సంఖ్యతో గుణించమన్నాడు: 101ని 7తో గుణిస్తే 707. తేడా 256. ఇక పళ్ల సంఖ్యల వర్గాలు తీస్తే 81, 49. వాటి తేడా 32. 256ను 32తో భాగిస్తే 8. మాదీఫలం ధర 8. తొమ్మిదింటికి 72 పోతే మొదటి బేరంలో మిగిలేది 35. అది ఏడు వెలగపళ్ల వెల కనుక ఒక్కోటి 5.

ఇందులో కిటుకు ఏమిటో చూడండి. మొదటి బేరాన్ని తొమ్మిదిసార్లు, రెండో బేరాన్ని ఏడుసార్లు చేశామనుకుంటే రెండు చోట్లా వెలగపళ్లు 63 అవుతాయి. అవి సమానం కాబట్టి తీసి పక్కన పెట్టొచ్చు. ఇక మిగిలిన తేడా అంతా మాదీఫలాలదే. మొదట 81, తర్వాత 49; ఎక్కువైన 32 పళ్లకే ఆ 256. ఇప్పటి పాఠ్యపుస్తకం ‘చరరాశిని తొలగించే పద్ధతి’ అనేది దీన్నే. పేరు మారింది, అక్షరాలు వచ్చాయి, నడక అదే. ఈ నడకను పిల్లలకు ముందు పళ్లతో చూపించి, ఆ తర్వాత ఎక్స్, వై చేతికిస్తే సగం భయం తీరుతుంది.

ఇలాంటి సూత్రం పద్యంలో ఎందుకు ఉండాలని ఇవాళ ఎవరైనా అడగొచ్చు. తాటాకు రోజుల్లో ఇంటింటా పుస్తకం ఉండదు. కరణం చేతిలో గంటం ఉన్నా సంతలో నిలబడ్డప్పుడు పనికొచ్చేది కంఠస్థమైనదే. గణానికీ యతికీ ప్రాసకూ కట్టుబడిన పద్యంలో ఒక అంకె తప్పితే నడక తప్పుతుంది, పొరపాటు వెంటనే చెవికి తగులుతుంది. చదరంగం గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అంటూ గింజలు రెట్టిస్తూ పోతే 64 గళ్లకూ అయ్యే మొత్తం పావులూరివారిదని చెప్పుకునే ఒక పద్యంలో ఉంది. శశి అంటే ఒకటి, వేదాలంటే నాలుగు అన్నట్టు ఒక్కో అంకెకు ఒక్కో వస్తువును సంకేతంగా పెట్టి, వెనక నుంచి ముందుకు చదువుకునేలా 20 అంకెల సంఖ్యను అందులో ఇమిడ్చారు: 18446744073709551615. కాగితం మీద ఇంత సంఖ్య ఎత్తిరాసేటప్పుడు తప్పుపోవడం తేలిక. పద్యంగా నేర్చుకున్నవాడికి తప్పడం కష్టం.

మిశ్రమం లెక్కల్లో పక్షుల లెక్క ఒకటి ఎన్నో దేశాలు తిరిగింది. మహావీరుడి పుస్తకంలో ఇలా ఉంటుంది: పావురాలు మూడు పణాలకు అయిదు, బెగ్గురు పక్షులు అయిదు పణాలకు ఏడు, హంసలు ఏడు పణాలకు తొమ్మిది, నెమళ్లు తొమ్మిది పణాలకు మూడు. రాజకుమారుడి వినోదానికి వంద పణాలతో వంద పక్షులు తీసుకురమ్మని ఒకణ్ని పంపారు. ఏవి ఎన్ని తేవాలి? దీనికి ఒకే జవాబు ఉండదు. ఒక జవాబు: పావురాలు 15కి 9 పణాలు, బెగ్గురులు 28కి 20, హంసలు 45కి 35, నెమళ్లు 12కి 36. పక్షులూ వందే, పణాలూ వందే. చైనాలో అయిదో శతాబ్దంలోనే జాంగ్ చియుజియాన్ పుస్తకంలో వంద నాణేలకు వంద కోళ్లు కొనే లెక్క ఉంది. 900 ప్రాంతంలో ఈజిప్టుకు చెందిన అబూ కామిల్ పక్షుల లెక్కల మీదే ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశాడు. ఎవరి నుంచి ఎవరికి చేరిందో తేల్చడం కష్టం గానీ, సరుకు ఓడలెక్కిన దారుల్లోనే లెక్కలూ ప్రయాణం చేశాయని నమ్మడానికి బలమైన కారణాలున్నాయి.

ఓడలంటే ఈ తీరానికి కొత్త కాదు. ఇప్పటి బాపట్ల జిల్లాలోనే, చినగంజాం మండలంలో మోటుపల్లి ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయ శాసనం చరిత్ర చదివినవాళ్లకు తెలిసినదే. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును ఇకమీద రాజు లాక్కోడని, సుంకం మాత్రమే తీసుకుంటాడని అందులో మాటిచ్చాడు. ఎగుమతి, దిగుమతుల మీద సుంకం ముప్పయ్యింట ఒక వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, పోకలు, ఒక్కో సరుకు పేరూ శాసనంలో కనిపిస్తుంది. ఒకే ఓడలో ఇవన్నీ కలిసి వస్తే సుంకరి కూర్చుని తేల్చాల్సింది మిశ్రమం లెక్క కాక మరేమిటి? మల్లన పుస్తకం అప్పటికే ఒక శతాబ్దానికి పైగా వాడుకలో ఉంది.

రేవు దాకా వెళ్లనక్కర్లేదు. రేపల్లె, బాపట్లల మధ్య చందవోలు ఉంది. 12వ శతాబ్దంలో వెలనాటి చోడుల రాజధాని. ఆ కాలపు గుళ్లలో అఖండ దీపం పెట్టించే దాతలు డబ్బు కన్నా ఎక్కువగా గొర్రెలో, ఆవులో ఇచ్చేవారు. వాటిని పుచ్చుకున్న బోయడు నిత్యం మానెడు నెయ్యి పొయ్యాలి. ఇన్ని గొర్రెలు, ఇన్ని పాలు, ఇంత నెయ్యి, ఏడాది పొడవునా తప్పకూడదు. రాతి మీద చెక్కిన ఆ ఒప్పందం వెనక ఒక త్రైరాశికం ఉంది. దాన్ని కట్టినవాడు కరణమో, గుడి లెక్కలు చూసేవాడో అయివుంటాడు.

షరాబు సంగతికొస్తే ఈ గణితం అసలు బలం తెలుస్తుంది. బంగారం స్వచ్ఛతను మనవాళ్లు వన్నెల్లో చెప్పేవారు. పదహారు వన్నెలంటే మేలిమి. రకరకాల వన్నెల బంగారం కలిపి కరిగిస్తే ముద్ద వన్నె ఎంత అని అడిగే లెక్కలు మహావీరుడి దగ్గరా ఉన్నాయి, 1150లో భాస్కరాచార్యుడు రాసిన ‘లీలావతి’లోనూ ఉన్నాయి. తర్వాత ‘లీలావతి’ కూడా తెలుగులోకి వచ్చింది. అందులో ఒక లెక్క: పది మాషాలు 13 వన్నెలది, నాలుగు మాషాలు 12 వన్నెలది, రెండు 11 వన్నెలది, నాలుగు 10 వన్నెలది. కరిగిస్తే? ఒక్కో బరువును దాని వన్నెతో గుణిస్తే 130, 48, 22, 40 వస్తాయి. కూడితే 240. మొత్తం బరువు 20 మాషాలు. ముద్ద 12 వన్నెలు. దాన్నే పుటం పెడితే మట్టు పోయి 16 మాషాలకు తగ్గిందనుకోండి, వన్నె 15 అవుతుంది. ఆ 240 ఎటూ పోదు. కరిగించినా, పుటం పెట్టినా, అసలు బంగారం అంతే ఉంటుంది. మిశ్రమాల లెక్కలన్నిటికీ పునాది ఈ ఒక్క ఊహే.

తిరగేసి అడగడం ఇంకా అందమైన లెక్క. 16 వన్నెల బంగారం, 10 వన్నెల బంగారం కలిపి 12 వన్నెలది చెయ్యాలి. ఏది ఎంత వెయ్యాలి? భాస్కరుడు చెప్పినదాన్ని వాడుక మాటల్లో చెబితే: కావలసిన వన్నెకూ తక్కువ వన్నెకూ తేడా తీస్తే ఎక్కువదాని వంతు, ఎక్కువ వన్నెకూ కావలసిన వన్నెకూ తేడా తీస్తే తక్కువదాని వంతు. 12లోంచి 10 పోతే 2, కాబట్టి మేలిమి రెండు పాళ్లు. 16లోంచి 12 పోతే 4, కాబట్టి పది వన్నెలది నాలుగు పాళ్లు. అడ్డంగా తీసే ఈ తేడాల సూత్రాన్ని గుర్తు పెట్టుకోండి, ఇది మళ్లీ మళ్లీ తగులుతుంది.

సరుకుకు సరుకు మార్చుకునే లెక్కలకూ ‘లీలావతి’లో ఒక చోటుంది. మూడొందల మామిడిపళ్లు ఒక ద్రమ్మం, ముప్పై దానిమ్మలు ఒక పణం. ద్రమ్మానికి 16 పణాలు. పది మామిడిపళ్లకు ఎన్ని దానిమ్మలు వస్తాయి? పదహారు. నాణెం చేతులు మారకుండానే బేరం తెగుతుంది. 1606లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిషువాళ్లు రేపల్లె కింది తీరాన నిజాంపట్నంలో అడుగుపెట్టినప్పుడు వాళ్లకు ఎదురుపడింది ఇలాంటి లెక్కల్లో ఆరితేరిన వర్తకులే. ఇంగ్లిషువాళ్ల గ్లోబ్ ఓడ బట్టల కోసం వచ్చింది. వాళ్ల రాతల్లో ఆ ఊరు పేటపోలి. వరహా ఇక్కడ ఒక మారకం, ఇంకో ఊళ్లో మరో మారకం. తూనికలు కూడా రేవుకో తీరుగా ఉండేవి. ధర అడిగే ముందు ఏ నాణెం, ఏ తూకం అని అడగాల్సి వచ్చేది.

మల్లన పుస్తకం ఎక్కువ కాలం బతికింది గ్రామ కరణాల చేతుల్లో. వాళ్లు మోసిన భారం తెలియాలంటే ధాన్యం కొలతలు చూడాలి. నాలుగు గిద్దలు సోల. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. సంఖ్యలు చూస్తే గందరగోళంగా అనిపిస్తుంది గానీ వీటి వెనక ఒక క్రమం ఉంది. గిద్ద నుంచి సోల, సోల నుంచి మానిక, మానిక నుంచి కుంచం, కుంచం నుంచి తూము, ప్రతి మెట్టూ నాలుగు రెట్లు. తెలుగులో భిన్నాలు రాయడానికి పాత లెక్కల్లో వాడిన గుర్తులు కూడా ఇలాంటివే: పావు, పావులో పావు, మళ్లీ అందులో పావు. నిలువు గీతలు, అడ్డ గీతలతో ఒకటి నుంచి మూడు పాళ్ల దాకా చూపించేవారు. ఆ గుర్తులు యూనికోడ్‌లోకి 2008లో ఎక్కాయి, అయినా వాటిని చదవగలిగినవాళ్లు ఇవాళ అరుదు. కొలతా రాతా రెండూ నాలుగు మీదే నడిచాయి కనుక కరణానికి భిన్నాల గొడవ తక్కువ. గంటంతో ఒక గీత మార్చితే చాలు.

డబ్బూ దీనికి తగ్గట్టే ఉండేది. రూపాయికి పదహారణాలు, కుంచానికి పదహారు సోలలు. కుంచం బియ్యం రూపాయైతే సోల అణా. కుంచం పన్నెండణాలైతే, అణాకు పన్నెండు దమ్మిడీల చొప్పున, సోల తొమ్మిది దమ్మిడీలు. లెక్క కట్టాల్సిన పనే లేదు, నోటికి వచ్చేస్తుంది. కుంచం పద్నాలుగణాల బియ్యం మూడు కుంచాల్లో, రూపాయి బేడ బియ్యం ఒక కుంచం కలిపితే కలుపుడు బియ్యం ఎంతకు పడుతుంది? బడిపిల్లవాడు 42, 18 కూడి, నాలుగుతో భాగిస్తాడు. కొట్టు నడిపేవాడు అంత దూరం వెళ్లడు. అన్నీ పద్నాలుగణాలే అనుకుంటాడు. ఒక్క కుంచంలో నాలుగణాలు ఎక్కువున్నాయి, వాటిని నాలుగు కుంచాలకూ పంచితే కుంచానికి అణా. పదిహేనణాలు. ఇలాంటి నోటిలెక్క వీధిబళ్లలో రోజూ పొద్దున్నే ఎక్కాలతో మొదలయ్యేది. బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో ఆ బళ్లలో పిల్లలే పిల్లలకు చెప్పుకునే పద్ధతిని మెచ్చుకున్నాడు.

కృష్ణ మీద విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక ఈ నేల రూపే మారిపోయింది. కొమ్మమూరు కాలువ దుగ్గిరాల మీదుగా దిగి పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువను కలిసింది. ధాన్యం పడవలెక్కి మద్రాసు దాకా పోయేది. 1899లో విజయవాడ, మద్రాసు రైలుమార్గంతో కలిశాయి. దారిలో తెనాలి, బాపట్ల. 1916లో తెనాలి నుంచి రేపల్లెకు కొమ్మ లైను పడింది. ధాన్యం వచ్చిన చోటికి మిల్లులు వచ్చాయి, మిల్లుల వెంట కమీషన్ ఏజెంట్లు, గుమాస్తాలు వచ్చారు. పాత బియ్యం, కొత్త బియ్యం, నూక, తవుడు, ప్రతిదానికీ ఒక ధర, కలిపితే ఒక ధర. తెనాలి పేరు పెద్దదవడంలో ఈ లెక్కల చేయి కూడా ఉంది.

అదే కాలంలో బళ్లో ఇంగ్లిషు పద్ధతి లెక్కలు వచ్చాయి. ఎక్స్ వచ్చింది. అందులో దోషమేమీ లేదు. భాస్కరుడు ‘బీజగణితం’లో తెలియని రాశులకు నలుపు, నీలం, పసుపు అని రంగుల పేర్లు పెట్టి సమీకరణాలు కట్టినప్పుడు చేసిందీ అదే పని. ఇబ్బంది ఎక్కడంటే, లెక్కకూ కొట్టుకూ ఉన్న బంధం మధ్యలో తెగిపోయింది. పరీక్ష పేపర్లో ‘ఒక వర్తకుడు’ అని రాసినప్పుడు ఆ వర్తకుడు ఏ ఊరివాడో, ఏం అమ్మేవాడో పిల్లవాడికి పట్టదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. 1958 నుంచి 1962 దాకా దశలవారీగా కిలోలు, లీటర్లు వచ్చాయి. మంచి మార్పులే, తప్పనివీ. వాటితో పాటు కుంచానికీ అణాకూ ఉన్న పొత్తు పోయింది, దానితో నోటిలెక్కా పోయింది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దు చేసింది. ఆ వ్యవస్థ చేసిన అన్యాయాలు ఊళ్లు మర్చిపోలేదు, రద్దు సబబే. దాని వెనకున్న గణిత సంప్రదాయాన్ని మాత్రం ఎవరూ వేరు చేసి దాచలేదు.

పూర్తిగా పోయిందా అంటే అదీ లేదు. దుగ్గిరాల పసుపు యార్డులో కొమ్ములకు ఒక ధర, కాయలకు ఒక ధర పలుకుతుంది. ఒకే పొలంలో, ఒకే దుంప నుంచి వచ్చినవి. రైతు ఇంటికి తీసుకెళ్లే మొత్తం రెండూ కలిసినదే. తెనాలి నిమ్మ మార్కెట్లో కాయ రంగును, సైజును బట్టి బస్తా ధర మారుతుంది. ఇక బ్యాంకు ఉద్యోగాలకూ గ్రూప్ పరీక్షలకూ కోచింగ్ ఇచ్చేవాళ్లు ‘ఎలిగేషన్’ అని ఒక షార్ట్‌కట్ చెబుతారు. కిలో 48 రూపాయల బియ్యం, 60 రూపాయల బియ్యం కలిపి 52కి పడాలంటే ఏ నిష్పత్తిలో కలపాలి? 60లోంచి 52 తీస్తే 8, అది చవకదాని పాళ్లు. 52లోంచి 48 తీస్తే 4, అది ఖరీదైనదాని పాళ్లు. రెండుకు ఒకటి. కోచింగ్ నోట్సులో దీన్ని ఇంగ్లిషు పేరుతో, ఆధునిక కిటుకులా చెబుతున్నారు. ఇది భాస్కరుడి బంగారం సూత్రమే, అక్షరం తేడా లేదు. ఆ సూత్రం పక్కన ఒక్క వాక్యంలో ఈ సంగతి రాస్తే తెనాలి పిల్లవాడికి ఆ లెక్క మీద ఉండే ధీమా వేరుగా ఉంటుంది.

ఇదే సూత్రం పాల పరిశ్రమలో ‘పియర్సన్ స్క్వేర్’ అనే పేరుతో తిరుగుతోంది. పశుపోషణ, పాడి చదువుల్లో నేర్పేది అదే. ఫుల్ క్రీమ్ పాలలో వెన్న 6 శాతం ఉండాలి, స్టాండర్డైజ్డ్ పాలలో 4.5, టోన్డ్ పాలలో 3. ఆరు శాతం పాలలో అర శాతం వెన్న ఉన్న పాలు కలిపి నాలుగున్నర చెయ్యాలంటే అడ్డంగా తేడాలు తీస్తే ఒకవైపు 4, ఇంకోవైపు 1.5 వస్తాయి, అంటే ఎనిమిదికి మూడు. తెనాలి దగ్గర వడ్లమూడిలో 1970ల చివర్లో మొదలైన సంగం డెయిరీ లాంటి చోట్ల ఇది రోజూ వేల లీటర్ల మీద నడిచే లెక్క.

పల్లెల్లోని పాలకేంద్రంలో పాలు పోసే ఇల్లాలికీ ఈ లెక్క అవసరమే. ఇంట్లో రెండు గేదెలున్నాయనుకుందాం. ఈనిన కొత్తలో ఉన్నది పూటకు ఆరు లీటర్లు ఇస్తుంది, వెన్న 5.5 శాతం. వట్టిపోబోతున్నది రెండు లీటర్లే ఇస్తుంది, కానీ చిక్కటివి, 8.5 శాతం. ధర వెన్న కిలోకి ఇంత అని ఉంటే విడిగా పోసినా, కలిపి పోసినా తేడా రాదు. కలిపితే ఎనిమిది లీటర్లు, 6.25 శాతం, వెన్న మొత్తం అంతే, డబ్బూ అంతే. ఒకవేళ ఆరు శాతం అందుకుంటే ఒక రేటు, అందుకోకపోతే ఒక రేటు అని ఉంటే మాత్రం వేరే కథ. విడిగా పోస్తే ఆరు లీటర్లు తక్కువ రేటుకు పోతాయి. కలిపి పోస్తే అన్నీ గీత దాటతాయి. ఇంకా జాగ్రత్తపరురాలైతే భాస్కరుడి సూత్రం వేస్తుంది. 6లోంచి 5.5 పోతే అర, 8.5లోంచి 6 పోతే రెండున్నర. అయిదు పాళ్లు పల్చటివాటిలో ఒక పాలు చిక్కటివి కలిపితే చాలు. ఆరు లీటర్లకు కావలసింది లీటరూ రెండొందల మిల్లీలీటర్లు. మిగిలిన ఎనిమిది వందల మిల్లీలీటర్ల చిక్కటి పాలు ఇంట్లోనే ఉంచుకుని తోడు పెట్టుకోవచ్చు.